తాళంకప్పలోని సందు

1851లో లండన్ మహా ప్రదర్శనకు అమెరికా నుంచి ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల నిపుణుడు వచ్చాడు. అప్పట్లో బ్రిటన్‌లో ఛబ్ తాళమంటే అపారమైన నమ్మకం. 1817లో పోర్ట్స్‌మత్ నౌకా కేంద్రంలో మారు తాళంచెవులతో దొంగలు పడ్డాక ప్రభుత్వం పెట్టిన పోటీ ఫలితంగా పుట్టిన తాళం అది. లోపలి లీవరును ఎవరైనా ఎత్తవలసిన దానికంటే ఎక్కువ ఎత్తితే బిగుసుకుపోయి, పరాయి చెయ్యి పడిందని యజమానికి పట్టిస్తుంది. హాబ్స్ దాన్ని సాక్షుల ఎదుట 25 నిమిషాల్లో తెరిచాడు. ఆ తర్వాత బ్రామా తాళం మీద పడ్డాడు. తెరిచినవారికి 200 గినీలిస్తామన్న సవాలుతో అది దశాబ్దాలుగా పికడిల్లీ దుకాణంలో వేలాడుతోంది. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు శ్రమించి దాన్నీ లొంగదీశాడు.

ఇలాంటివి బయటపెడితే దొంగలకు దారి చూపినట్టు కాదా అని పెద్ద దుమారమే రేగింది. 1853లో చార్లెస్ టామ్లిన్‌సన్ పేరిట వచ్చిన తాళాల గ్రంథం దీనికి సూటిగా జవాబిచ్చింది: దొంగలకు తమ పని ముందే తెలుసు, తెలియనిది ఇంటివాళ్లకే. నా మటుకు ఆ వాదనకు నేటికీ తిరుగులేదు.

ఆ కాలంలోనే అమెరికాలో లైనస్ యేల్, ఆ తర్వాత ఆయన కొడుకు పిన్నుల తాళాన్ని తీర్చిదిద్దారు. దీని మూలాలు ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాల్లో ఉన్నాయి. ఒక్కో రంధ్రంలో రెండేసి పిన్నులు ఒకదానిపై ఒకటి ఉంటాయి. సరైన తాళంచెవి వాటిని ఎత్తినప్పుడు, ఆ రెండూ కలిసే చోట్లన్నీ ఒకే గీత మీదికి వస్తాయి. అప్పుడే లోపలి సిలిండరు తిరుగుతుంది.

కాగితం మీద దీనికి వంక లేదు. కానీ ఏ కార్ఖానాలోనూ రంధ్రాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరసలో పడవు. అందువల్ల సిలిండరును కొద్దిగా తిప్పితే పిన్నులన్నీ ఒక్కసారిగా బిగియవు, ముందు ఒకటే బిగుస్తుంది. దాన్ని సరిచేస్తే ఇంకొకటి. వేల కలయికల్లోంచి ఒకదాన్ని ఊహించాల్సిన పని కాస్తా వరసగా నాలుగైదు చిన్న పనులైపోతుంది. చవక తాళంలో పిన్నులు తక్కువ, సందులు ఎక్కువ.

1921లో మిల్వాకీలో మాస్టర్ లాక్ కంపెనీ పెట్టిన హ్యారీ సోరెఫ్ ఉక్కు రేకులను దొంతరగా పేర్చి, రివెట్లు కొట్టి, గట్టి తాళాన్ని చవగ్గా తయారుచేశాడు. మద్యనిషేధ కాలంలో, 1928లో, ఒకే విడతలో 1,47,600 తాళాలు న్యూయార్క్‌కు వెళ్లాయి. ఆ దొంతర సుత్తిదెబ్బకు ఓర్చుకుంటుంది. లోపలి సందుల సంగతి వేరు.

ఇంతకన్నా ఘోరమైన లోపం తాళంకప్ప పైనుండే వంపు కడ్డీ దగ్గర ఉంది. చాలా చవక తాళాల్లో కడ్డీ గాటులోకి దిగి దాన్ని పట్టి ఉంచేది స్ప్రింగు మీద కదిలే చిన్న నాలుక. కడ్డీ పక్కనుంచి పలుచని రేకు దూరితే ఆ నాలుక వెనక్కి తగ్గుతుంది. పిన్నుల జోలికే పోనక్కర్లేదు. దీనికి మందు ఉక్కు గుండ్లు: తాళంచెవి తిరిగితే తప్ప అవి పక్కకు జరగవు. కొనేటప్పుడు తాళం తెరిచి కడ్డీ లోపలివైపు చూడండి. గుంట గుండ్రంగా ఉంటే గుండ్ల తాళం. పలకగా కోసిన గాటుంటే చాలావరకు స్ప్రింగు నాలుకే.