విదేశీ ప్రయాణ హెచ్చరికల్లో బిష్టుపూర్, జంషెడ్‌పూర్ ప్రాంతం

బిష్టుపూర్ జార్ఖండ్ రాష్ట్రం తూర్పు సింగ్‌భూమ్ జిల్లా జంషెడ్‌పూర్ నగరంలోని ప్రధాన వ్యాపార కేంద్రం. టాటా ఉక్కు కర్మాగారానికి చేరువలో ఉన్న ఈ పేటను విదేశీ ప్రభుత్వాలు తమ పౌరులకిచ్చే హెచ్చరికల్లో సాధారణంగా పేరుపెట్టి ప్రస్తావించవు. అయితే అమెరికా విదేశాంగ శాఖ మావోయిస్టుల కారణంగా ప్రమాదకరమని చెప్పే మధ్య, తూర్పు భారత పట్టీలో ఇదీ ఒక భాగమే. ఆ శాఖ వర్ణన ప్రకారం ఈ పట్టీ తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణలతో మొదలై పశ్చిమ బెంగాల్ పడమటి జిల్లాల వరకు సాగుతుంది.

పాత పద్ధతిలో వేర్వేరుగా ఉన్న హెచ్చరికలు, తాత్కాలిక ప్రకటనల స్థానంలో అమెరికా 2018 జనవరి 10న నాలుగు అంచెల విధానం తెచ్చింది. మొదటిది మామూలు జాగ్రత్త, రెండోది అదనపు జాగ్రత్త, మూడోది ప్రయాణం మానుకోవడం గురించి ఆలోచించమనడం, నాలుగోది వెళ్లవద్దనడం. భారతదేశం ఎక్కువకాలం రెండో అంచెలోనే ఉంది. కోవిడ్ రెండో ఉద్ధృతి వేళ 2021 ఏప్రిల్‌లో నాలుగుకు చేరి, కొన్ని నెలల్లోనే దిగివచ్చింది. దేశమంతటికీ ఒక అంచె ప్రకటించినా, లోపలి కొన్ని ప్రాంతాలకు అంతకంటే కఠినమైన మాట విడిగా ఉంటుంది. 2024 జులైలో సవరించిన ప్రకటన జమ్మూ కశ్మీర్, పాకిస్తాన్ సరిహద్దు, మణిపూర్‌లతో పాటు నక్సలైట్లు (మావోయిస్టులు) చురుగ్గా ఉన్న మధ్య, తూర్పు భారత భాగాలకూ వెళ్లవద్దని చెప్పింది.

2025 జూన్ 16 నాటి ప్రకటనలో బిష్టుపూర్‌కు నేరుగా తగిలే నిబంధన ఒకటుంది. భారత్‌లో పనిచేసే అమెరికా ప్రభుత్వోద్యోగులు జార్ఖండ్, బిహార్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్, మేఘాలయ రాష్ట్రాల్లో చాలా చోట్లకు వెళ్లాలంటే ముందుగా అనుమతి పొందాలి. రాష్ట్ర రాజధానుల వరకే వెళితే అవసరం లేదు. ఆ లెక్కన రాంచీకి మినహాయింపు ఉంది, జంషెడ్‌పూర్‌కు లేదు. 2011 జనగణనలో జంషెడ్‌పూర్ నగర సముదాయం సుమారు 13 లక్షల జనాభాతో రాంచీని మించింది. మినహాయింపుకు ఆధారం రాజధాని హోదాయే తప్ప ఆయా నగరాల్లోని నేరాలో దాడులో కావు. అమెరికా ఉద్యోగులు ఇలా అనుమతి తీసుకోవలసిన జంషెడ్‌పూర్‌కు తొలి నమూనా గీసింది మాత్రం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ సంస్థే. తొలి దశాబ్దాల్లో కర్మాగారాన్ని నడిపిన నిపుణుల్లోనూ అమెరికన్లు పలువురున్నారు.

పట్టీకి ఈ ఆకారం ఎందుకు వచ్చిందో హెచ్చరికలు వివరించవు. కొండపల్లి సీతారామయ్య 1980లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకొల్పిన నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ దక్షిణపు కొసలో, మావోయిస్టు కమ్యూనిస్టు కేంద్రం బిహార్, జార్ఖండ్ ప్రాంతంలో బలంగా ఉండేవి. 2004 సెప్టెంబర్ 21న ఇవి రెండూ కలిసి భారత కమ్యూనిస్టు పార్టీ (మావోయిస్టు) ఏర్పడింది. అమెరికా వర్ణించే పట్టీ దాదాపుగా ఈ రెండు పాత కార్యక్షేత్రాలను కలిపితే వచ్చేదే. ఉత్తర తెలంగాణ, జంషెడ్‌పూర్ ఒకే వాక్యంలో చేరడానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు.

జంషెడ్‌పూర్ చుట్టుపక్కల నమోదైన ఘటనలు ఎక్కువగా నగరం వెలుపలివి. 2007 మార్చి 4న జంషెడ్‌పూర్ లోక్‌సభ సభ్యుడు, జార్ఖండ్ ముక్తి మోర్చా నాయకుడు సునీల్ మహతోను ఘాట్‌శిల సమీపంలో ఫుట్‌బాల్ పోటీ జరుగుతున్న చోట కాల్చి చంపారు. 2010 మే 28న జంషెడ్‌పూర్ రైల్వే స్టేషనైన టాటానగర్ మీదుగా ముంబై వెళ్లే జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ ఝార్‌గ్రామ్ వద్ద పట్టాలు తప్పి, ఎదురుగా వచ్చిన గూడ్సు ఢీకొనడంతో 140 మందికి పైగా చనిపోయారు. బాధ్యత ఎవరిదన్నది వివాదాస్పదం. మావోయిస్టు పార్టీ తమది కాదన్నది. సీబీఐ మాత్రం మావోయిస్టుల మద్దతు ఉందని చెప్పే పోలీసు అత్యాచారాల వ్యతిరేక ప్రజా కమిటీకి చెందినవారిపై అభియోగాలు మోపింది. పట్టాలను కావాలనే తప్పించారన్న సీబీఐ కథనానికే ఎక్కువ ఆధారం కనిపిస్తుంది. ఆ తర్వాత చాలాకాలం ఆ మార్గంలో రాత్రివేళ ప్రయాణికుల రైళ్లు ఆపేశారు. 2019 జూన్ 14న పొరుగు సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా తిరుల్‌డీహ్ ఠాణా పరిధిలో, వారపు సంతలో అయిదుగురు పోలీసులు హతమయ్యారు.

విదేశీయులే లక్ష్యమైన మావోయిస్టు ఘటనలు అరుదు. అందరికీ తెలిసినది 2012 మార్చిలో ఒడిశా కంధమాల్‌లో ఇద్దరు ఇటలీ దేశస్థుల అపహరణ. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. 2024 మార్చిలో దుమ్కా జిల్లాలో ఒక స్పెయిన్ పర్యాటకురాలిపై జరిగిన సామూహిక అత్యాచారానికి మావోయిస్టులతో సంబంధం లేదు. అయినా జార్ఖండ్ ప్రయాణ భద్రతపై అది విదేశాల్లో చర్చకు దారితీసింది.

ఇక ఈ ప్రయాణ హెచ్చరికల బలం సంగతికొస్తే, వాటికి సామాన్య పౌరుడు కట్టుబడి ఉండాలన్న చట్టం అమెరికాలో లేదు. భారత ప్రభుత్వ పద్ధతి కొన్ని దేశాల విషయంలో ఇంతకంటే గట్టిది. లిబియాకు వెళ్లవద్దని 2015 సెప్టెంబర్‌లో సూచించి, 2016 మే నెలలో ఏ పని మీదైనా సరే ప్రయాణాన్నే పూర్తిగా నిషేధించింది. 2017 సెప్టెంబర్‌లో యెమెన్‌కు భారత పాస్‌పోర్టుపై వెళ్లడాన్ని నిషేధిస్తూ ప్రకటన ఇచ్చింది. ఆచరణలో నిషేధం ఎంతవరకు పనిచేసిందన్నది వేరే సంగతి. 2020 సెప్టెంబర్ 14న లిబియాలోని అష్‌షువేరిఫ్ వద్ద అపహరణకు గురై అక్టోబర్ 11న విడుదలైన ఏడుగురు భారత కార్మికుల్లో శ్రీకాకుళం జిల్లావారూ ఉన్నారు. అప్పటికి నిషేధం అమల్లోనే ఉంది. 

మళ్లీ మావోయిస్టు ప్రాంతాల విషయానికొస్తే, భారత హోంశాఖ సొంత లెక్కలు విదేశీ హెచ్చరికల కంటే వేగంగా మారాయి. వామపక్ష తీవ్రవాద ప్రభావిత జిల్లాలు 2018లో 90, 2021లో 70, 2024లో 38, 2025 ఏప్రిల్ నాటికి 18. 2021 నాటి జాబితాలో తూర్పు సింగ్‌భూమ్‌తో పాటు రాంచీ జిల్లా కూడా ఉంది. 2024లో జార్ఖండ్ నుంచి మిగిలిన అయిదు జిల్లాల్లో ఈ రెండూ లేవు. సారండా అడవులున్న పశ్చిమ సింగ్‌భూమ్ మాత్రం తీవ్ర ప్రభావిత జిల్లాల్లో ఒకటిగా 2025లోనూ కొనసాగింది. అమెరికా నిబంధన జిల్లా ప్రాతిపదికన కాక, రాజధాని మినహా రాష్ట్రంలో చాలా చోట్లకు వర్తిస్తుంది కనుక, తూర్పు సింగ్‌భూమ్‌ను హోంశాఖ తప్పించినా 2025 జూన్ ప్రకటనలో బిష్టుపూర్ ప్రయాణానికి ముందస్తు అనుమతి షరతు అలాగే ఉంది.