పొలిమేర దాటిన చెత్త

తన యింటి చెత్తను పొరుగువాని దొడ్డిలో పోయువానిని లోకము మెచ్చదు. అదే పనిని నగరములును కర్మాగారములును ఓడలపై చేసినపుడు దానికి వాణిజ్యమను పేరు వచ్చినది.

1986లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు చెత్తను కాల్చగా మిగిలిన బూడిదను సుమారు 14,000 టన్నులు నింపుకొని ‘ఖియాన్ సీ’ యను ఓడ బయలుదేరెను. రేవు వెంబడి రేవు దానిని త్రోసిపుచ్చెను. తుదకు 1988 ఆరంభమున ఎరువను పేర హైతీ తీరమున సుమారు 4,000 టన్నులు దింపి యోడ వెడలిపోయెను. ఆ యేటనే నైజీరియాలోని కోకో యను ఊర, ఇటలీనుండి వచ్చిన విషపదార్థముల పీపాలు ఒక సామాన్యుని దొడ్డిలో అద్దెకు నిలువయుండుట బయటపడెను. పొరుగువాని దొడ్డి యనుట ఇచట ఉపమానము కాదు.

ఈ యపచారములపై పుట్టిన కోపమే 1989 మార్చి 22న బేసెల్ ఒడంబడికగా రూపొందెను. 1992లో అది యమలునకు వచ్చెను; భారతదేశమును ఆ యేటనే దానిలో చేరెను. చెత్త పుట్టుకనే తగ్గింపవలెను. పుట్టినదానిని వీలైనంతవరకు పుట్టినచోటికి దగ్గరనే చక్కబెట్టవలెను. పొలిమేర దాటింపక తప్పనిచో, పుచ్చుకొనువారికి ముందుగా తెలిపి వ్రాతమూలముగా సమ్మతి పొందవలెను. ఇదియే దాని సారము. 2019లో మిశ్రమమైన ప్లాస్టిక్ చెత్తనుగూడ దీనికి లోబరచిరి.

రాజ్యములకు కూడని పని గృహములకు కూడునా? రాజాము పరిసరములు గోగునారకును గోనెసంచుల మిల్లులకును పేరుగన్నవి. గోనె మొదట ధాన్యమునకు, పిదప ఊకకు, చిరిగిన తరువాత గడపలో కాళ్లు తుడుచుకొనుటకు పనికివచ్చెడిది. వంటింటి తొక్కలు పేడతో కలిసి గెత్తమై పొలమునకు పోయెడివి. ధాన్యాదులకు గోనెలనే విధించుటకై 1987లో కేంద్రము చట్టము చేయవలసివచ్చెననగా, ప్లాస్టిక్ సంచి యప్పటికే యెంత ప్రబలెనో యూహింపదగును.

పూర్వమంతయు మేలని నా తాత్పర్యము కాదు. మడి కట్టుకొన్న యిల్లే తన మలినము నెత్తువానిని గడప తొక్కనీయలేదు. నేడు మనము ఎంగిలి మెతుకులను, గాజుపెంకులను, వాడిన సూదులను ఒకే సంచిలో కట్టి వీధిలో నుంచుచున్నాము. ఆ సంచి ఊరి పొలిమేర దాటును. విప్పువాని చేతికి గాజు గ్రుచ్చుకొనును. కాల్చినచో పొగ ప్రక్క పల్లెకు ప్రాకును. వారి సమ్మతి నెవరడిగిరి?

తడిచెత్తను, పొడిచెత్తను, హానికరమైనదానిని ఇంటనే వేరుపరుపవలెనని 2016 నాటి నియమములు శాసించెను. గుడ్డసంచితో సంతకు పోవుట, తొక్కలను పెరటిలోనే ఎరువు చేయుట, సూదిని వేరుగా చుట్టి చెప్పి యిచ్చుట, ఇవి చిన్న పనులే. కాని యివియే మన గడపలోని ఒడంబడిక.

హైతీలో మిగిలియున్న ఆ బూడిదను 2000లో మరల ఎత్తుకొనిపోయిరి. 2002లో అది ఫిలడెల్ఫియా యున్న పెన్సిల్వేనియా రాష్ట్రముననే పాతిపెట్టబడెను. పదునారేండ్లు తిరిగి తిరిగి చెత్త తన యిల్లు చేరినది. మన చెత్త కంత ప్రయాణమేల?