చెప్పులు కుట్టిన చేతులు



మన ఇళ్ళలో పాత సంగతులు వచ్చినప్పుడు తాతయ్య బాప్తిస్మం గురించి సంతోషంగా చెప్పుకుంటాము. తాతయ్య ఏ పని చేసి బ్రతికాడని పిల్లలు అడిగితే మాత్రం మాట మార్చేస్తాము. ఈరోజు ఆ పనిని గురించే కొంచెం ధ్యానిద్దాము.

నూట యాభై ఏళ్ళ క్రితం ఒంగోలు ప్రాంతపు పల్లెల్లో కమ్మరి కర్రు సాగగొట్టేవాడు, వడ్రంగి నాగలి చెక్కేవాడు, మాలపల్లెలో ముతక బట్ట నేసేవారు. మాదిగపల్లెలో లందలు ఉండేవి. పచ్చి తోలును సున్నంలో, ఆ తరువాత తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టి పదును చేసేవారు. ఆరె, రంపి పట్టుకొని చెప్పులు, కపిలబావులకు తోలు బానలు కుట్టేవారు. కూలి డబ్బుగా కాదు, కోతలప్పుడు కళ్ళంలో మేరగా గింజలు కొలిచేవారు. బాన చిరిగితే పైరు ఎండిపోతుంది. అయినా ఆ బాన కుట్టినవాడు ఊరి బావిలో చేద వేయడానికి వీలులేదు!

ఆ పల్లెల్లో ఒకటి తాళ్ళకొండపాడు. అక్కడి యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు ఆయన సువార్త విన్నారు. 1866లో జూయెట్ దొరగారి చేత బాప్తిస్మం పొందారు. మరుసటి ఏడు జనవరిలో క్లౌ దొరగారు ఆ ఊరికి వెళ్ళేసరికి, పేరయ్యగారి మాట విన్నవారు చాలామంది సిద్ధంగా ఉన్నారు. అప్పుడు 28 మంది బాప్తిస్మం పొందారు. దొరగారి గుడారం కంటే ముందు ఆ పల్లెల్లోకి సువార్త వెళ్ళినది తోళ్ళ వ్యాపారి నడిచిన దారిలోనే.

అయితే వెల చెల్లించవలసి వచ్చింది. విశ్వాసులు చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మ్రొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు. మూడవది తేలిక అనుకుంటున్నామా? బాన ఆదివారమే చిరిగితే? రైతు ఒక పూట ఆగడు. ఆగకపోతే మేర పోతుంది, మేర పోతే ఏడాది తిండి పోతుంది. మన సెలవు దినం వారికి ఆకలి దినం. అయినా వారు ప్రార్థనకు వెళ్ళారు.

వారి కథలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు 1899లో పుస్తకంగా వేశారు. దాని పేరుకు అర్థమే ‘చెప్పులు కుడుతూ ఉండగా’. ఆమె ఆ వృత్తిని దాచలేదు, పుస్తకం అట్టమీద పెట్టారు. యొప్పేలో పేతురు బస చేసిన ఇల్లు ఎవరిది? చర్మకారుడైన సీమోనుది. పరిశుద్ధ గ్రంథం కూడా ఆ వృత్తిని దాచలేదు. మరి మనమెందుకు దాస్తున్నాము?

ఈ వారం మన ఇంటి పెద్దల దగ్గర కూర్చుందాము. వారి పనిముట్ల పేర్లు అడిగి పిల్లలకు చెప్పుదాము. మనకు విశ్వాసాన్ని ఇచ్చినవి ఆ చేతులే.

ప్రభువు మనలను దీవించును గాక. ఆమేన్.