13 ఏళ్ళకి పాడింది, 78 ఏళ్ళకి మొదటి స్థానం

నవంబరు నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో ఏ షాపుకెళ్ళినా మన చెవిన పడే పాట ఒకటుంది: ‘రాకింగ్ అరౌండ్ ద క్రిస్మస్ ట్రీ’. పేరు తెలియకపోయినా ఆ గొంతు మీరు వినే ఉంటారు. ఎవరో పెద్దావిడ పాడినట్టుంటుంది కదూ? పాడేనాటికి ఆ పిల్లకి 13 ఏళ్ళు. పేరు బ్రెండా లీ.

1944 డిసెంబరులో అట్లాంటాలో పుట్టింది. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి పోయారు. ఆ తర్వాత ఇల్లు గడిచింది చాలావరకు ఆ పిల్ల పాట మీదే. 1958లో నాష్‌విల్‌లో ఈ పాట రికార్డు చేసింది. రాసినవారు జానీ మార్క్స్. మొదటి రెండేళ్ళూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960లో ఆమె మరో పాట ‘ఐయామ్ సారీ’ మొదటి స్థానానికి వెళ్ళాక ఈ పాటనీ కొన్నారు. అయినా 14వ స్థానం దగ్గరే ఆగిపోయింది.

మొదటి స్థానం ఎవరు ఇస్తారు అంటారా? బిల్‌బోర్డ్ అనే పత్రిక 1958 ఆగస్టులో ‘హాట్ 100’ అనే పట్టిక మొదలుపెట్టింది. షాపుల్లో ఎన్ని రికార్డులు అమ్ముడయ్యాయి, రేడియోలో ఎన్నిసార్లు వేశారు అని చూసి వారం వారం వరస కట్టేవాళ్ళు. ఇక్కడే ఒక కిటుకుంది. ఒక ఇల్లాలు రికార్డు కొనుక్కుంటే లెక్కలో పడేది ఒక్కసారే. దాన్ని ఇంటికి తెచ్చి, వంట చేసుకుంటూ ముప్ఫై ఏళ్ళు విన్నా ఆ వినడం ఏ లెక్కలోకీ రాదు.

ఇప్పుడు అలా కాదు. ఫోన్‌లో పెట్టుకుని విన్న ప్రతిసారీ లెక్కే. 2013లో యూట్యూబ్‌లో చూసినవి కూడా హాట్ 100లో కలిపారు. దాంతో పాత పాటలు లేచి వచ్చాయి. మరయా కెరీ 1994లో పాడిన క్రిస్మస్ పాట 25 ఏళ్ళు ఆగి 2019లో మొదటి స్థానానికి చేరింది. ఇక 2023లో బ్రెండా లీ పాటకి మొట్టమొదటిసారి వీడియో తీశారు. 2023 డిసెంబరు 9 నాటి పట్టికలో ఆ పాట ఒకటో నంబరు! విడుదలైన 65 ఏళ్ళకి. ఇంకో రెండు రోజుల్లో ఆవిడకి 79 నిండుతాయి. హాట్ 100లో మొదటి స్థానం అందుకున్నవాళ్ళలో అందరికంటే పెద్దావిడ ఆవిడే. అంతకుముందు ఆ రికార్డు 1964లో, 62 ఏళ్ళ వయసులో గెలిచిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది.

బ్రిటన్‌లో ఉన్న అక్కాచెల్లెళ్ళకి కేట్ బుష్ తెలిసే ఉంటుంది. తను రాసిన పాట తనే పాడి అక్కడి చార్టులో మొదటి స్థానం పొందిన తొలి మహిళ. అది 1978, అప్పుడామెకి 19 ఏళ్ళు. 1985లో వచ్చిన ఆమె ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ 3వ స్థానంతో సరిపెట్టుకుంది. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్లో వినపడేసరికి పిల్లలంతా పదే పదే విన్నారు. కానీ బ్రిటిష్ చార్టులో పాత పాట వింటే కొత్త పాటకిచ్చినంత విలువ ఇవ్వరు. ఆ నిబంధన ఈ పాటకి సడలించాకే, 37 ఏళ్ళ తర్వాత, పైకెక్కింది.

ఈ రెండు పాటల్లోనూ ఇన్నేళ్ళలో ఒక్క మాట మారలేదు. లెక్కపెట్టేవాళ్ళ పద్ధతి మారింది, అంతే. 1960లో 14వ స్థానం వచ్చినప్పుడు ఆ పాటని ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళు, ఎన్నిసార్లు విన్నారో చెప్పే పట్టిక ఎక్కడా లేదు. లెక్క రాసినవాళ్ళు లేరు గానీ, విన్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు తమ పిల్లలకి వినిపించబట్టే కదా, 65 ఏళ్ళ తర్వాత నొక్కడానికి బటన్ వచ్చేసరికి ఆ పాట ఇంకా బతికుంది.