చెడుగుడు బరి నుంచి అకాడమీ కోర్టు దాకా: ఎదిగే పిల్లల మోకాళ్లు

గోదావరి డెల్టాలో పదమూడేళ్ల పిల్లాడు ఆడొచ్చి మోకాలు నొప్పంటే, ఎదిగే వయసు, అదే పోతుందిలే అంటారు. ఇందులో సగమే నిజం. తొడ కండరం మోకాలిచిప్ప మీదుగా వచ్చి ముంగాలి ఎముక పైభాగాన అతుక్కుంటుంది. ఎదిగే వయసులో అక్కడ ఇంకా మెత్తటి మృదులాస్థే ఉంటుంది. గెంతినప్పుడల్లా కండరం దాన్ని లాగుతుంది. ఆ లాగుడు దెబ్బ మానడానికి వ్యవధి దొరక్కపోతేనే నొప్పి ముదురుతుంది. ఒకప్పుడు ఆ వ్యవధిని పంటే ఇచ్చేది. సార్వా కోతలయ్యాక, సంక్రాంతి రోజుల్లో చెడుగుడు బరులు గీసేవారు. దాళ్వా నాట్లు పడితే బరి మడిలో కలిసిపోయేది. తర్వాత రోజులు మారాయి. 1990 బీజింగ్ ఆసియా క్రీడలతో ఆ చెడుగుడే కబడ్డీగా పతకాల ఆటైంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచాడు. ఇలాంటి గెలుపుల కోసం పిల్లలు అకాడమీ బాట పట్టడం సంతోషించాల్సిందే. అయితే అక్కడ నాట్లూ లేవు, కోతలూ లేవు; ఏడాది పొడవునా ఒకే ఆట.

పాతకాలం పిల్లలూ పొలాల్లో కష్టపడ్డారు, వాళ్లకు లేని నొప్పి వీళ్లకెందుకని అడగొచ్చు. వాళ్లకు లేదనలేం. ఎక్స్‌రే కనుగొన్న ఎనిమిదేళ్లకే, 1903లో, బోస్టన్‌లో ఆస్‌గుడ్, జూరిక్‌లో ష్లాటర్ అనే వైద్యులు విడివిడిగా ఈ మోకాలి జబ్బును వర్ణించారు. అకాడమీలు దీన్ని పుట్టించలేదు. కానీ ఒకే ఆటను అంటిపెట్టుకున్న పిల్లల్లో మోకాలి నొప్పులు ఎక్కువని ఇటీవలి అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి డ్రిల్లు మాస్టారు ముందుగా చూడాల్సింది వారంలో ఎన్ని గంటల ఆట, ఎన్ని గెంతులు అన్నదే.

గుర్తుపట్టడానికి చాలాసార్లు స్కానింగ్ అక్కర్లేదు. ఎక్కడ నొప్పి అంటే పిల్లాడే చిప్ప కింది బొడిపె మీద వేలు పెడతాడు, నొక్కితే చురుక్కుమంటుంది. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, కీలు వాపు ఉంటే అది వేరే సంగతి. కుంటుతూ, తుంటి లోపలికి తిరగకపోతే తుంటికి వెంటనే ఎక్స్‌రే తీయించాలి. తుంటి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడడం పిల్లల్లో మామూలే. ఆట మాన్పిస్తే సెలక్షన్ పోతుందని తల్లిదండ్రుల భయం. అది న్యాయమైన భయమే. ఒకప్పుడు ఈ నొప్పికి పిండికట్టు వేసి కదలనివ్వని వైద్యం ఉండేది. ఇప్పుడు ఆట పూర్తిగా ఆపించాల్సిన పిల్లలు తక్కువ. గెంతులు, గుంజీలు కొన్ని వారాలు తగ్గించి, తొడ కండరానికి క్రమంగా బలం పెంచితే చాలామంది ఆడుతూనే కోలుకుంటారు. ఆడేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా మర్నాటికల్లా సర్దుకుంటే ఆ మోతాదు సరిపోయినట్టే. తెల్లారాక మెట్లు దిగుతూ కుంటితే ఆ వారం ఆట తగ్గించాలి.