ఆర్గాన్ లేని స్టూడియోలో హార్ప్సికార్డ్

ఎపిసోడ్ మొత్తం వినే తీరిక లేనివాళ్ళ కోసం, విన్నాక పాటల పేర్లు మళ్ళీ అడిగినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. కొత్తగా వచ్చినవాళ్ళకి: నేను ఉండేది న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆల్బనీలో. చేసేది కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ పని. ఇక్కడ సైట్లలో పొద్దున్నుంచి రేడియో మోగుతూనే ఉంటుంది, అందులో ఎక్కువ పాత రాక్ పాటలే. 1965 నుంచి 1970 మధ్య పాటల్లో గిటార్ కాని, పియానో కాని ఒక గలగల శబ్దం అప్పుడప్పుడు వినిపిస్తుంది. అదేమిటో, అక్కడికి ఎలా వచ్చిందో చెప్పడమే ఈ వారం కథ.

దాని పేరు హార్ప్సికార్డ్. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివినవాణ్ణి, అందుకే ముందు లోపల ఏం జరుగుతుందో చెబుతా. చూడ్డానికి పియానోలాగే ఉంటుంది. కీ నొక్కితే దాని అవతలి చివర సన్నటి చెక్క పుల్ల పైకి లేస్తుంది. ఆ పుల్లకి బిగించిన పక్షి ఈక ముక్క తీగని మీటుతుంది. కీ వదిలితే పుల్ల కిందికి జారి, దానికున్న గుడ్డ ముక్క తీగ మీద పడి శబ్దం ఆపేస్తుంది. మన వీణలో గోరు చేసే పని ఇక్కడ ఈక చేస్తుందన్నమాట. కాకపోతే ఎంత గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒకేలా వస్తుంది. 1700 ప్రాంతంలో ఇటలీలో బార్తొలొమియో క్రిస్తోఫోరి అనే ఆయన మీటడం మానేసి చిన్న సుత్తితో కొట్టే పద్ధతి పెట్టాడు. మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలికింది. అదే పియానో. 19వ శతాబ్దం వచ్చేసరికి హార్ప్సికార్డ్ మూలపడింది. 20వ శతాబ్దం మొదట్లో వాండా లాండోవ్‌స్కా లాంటి వాళ్ళు దాన్ని మళ్ళీ కచేరీలకి తెచ్చారు. అయినా అది పాతకాలం శాస్త్రీయ సంగీతానికే పరిమితం.

ఇక 1965. లండన్‌లో యార్డ్‌బర్డ్స్ అనే బ్యాండ్ ఉంది. బ్లూస్ వాయించేవాళ్ళు, అంటే అమెరికా నల్లజాతివాళ్ళ పాటలు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్. పేరొచ్చింది గానీ పెద్ద హిట్ లేదు. అప్పుడు గ్రాహమ్ గౌల్డ్‌మన్ అనే కుర్రాడు రాసిన 'ఫర్ యువర్ లవ్' పాట దొరికింది. రికార్డింగ్‌కి బ్రయన్ ఆగర్ అనే కీబోర్డ్ ప్లేయర్‌ని పిలిచారు. ఆయన బ్యాండ్ మనిషి కాదు, ఆ పూట పనికి వచ్చినవాడు. ఆర్గాన్ వాయిద్దామని చూస్తే స్టూడియోలో ఆర్గాన్ లేదు, హార్ప్సికార్డ్ ఉంది, దాని మీదే వాయించానని ఆయనే తర్వాత చెప్పాడు. సైట్ మీద పనిచేసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. కావలసిన సామాను రాదు, ఉన్న సామానుతో పని ఆగకుండా చూడాలి.

ఆ పాట మార్చిలో విడుదలై బ్రిటన్‌లో 3వ స్థానానికి, అమెరికాలో 6వ స్థానానికి వెళ్ళింది. అదే నెలలో క్లాప్టన్ బ్యాండ్ వదిలేశాడు. ఆయనకి బ్లూస్ కావాలి. ఈ పాటలోనేమో ఆయన గిటార్‌కి మధ్యలో కాస్త చోటే దక్కింది. బ్యాండ్‌కి బతుకుతెరువు, ఆయనకి సంగీతం మీద నిష్ఠ. ఇందులో ఎవరిది తప్పు అనలేం. ఆ చోటులోకి జెఫ్ బెక్ వచ్చాడు.

అదే ఏడాది చివర్లో బీటిల్స్ 'ఇన్ మై లైఫ్' వచ్చింది. మధ్యలో వినిపించేది హార్ప్సికార్డ్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పియానో. ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ టేపుని సగం వేగంతో నడిపి, ఒక స్థాయి కింద వాయించి రికార్డ్ చేశాడు. మామూలు వేగంతో నడిపితే స్వరం ఒక స్థాయి పైకి లేచి, ప్రతి దెబ్బా పొట్టిగా, పదునుగా వినపడింది. అంటే అప్పటికే ఆ శబ్దానికి ఎంత గిరాకీ ఉందో చూడండి!

తర్వాత వరసగా వచ్చాయి. 1966లో రోలింగ్ స్టోన్స్ 'లేడీ జేన్'లో జాక్ నిట్చీ వాయించాడు. అదే ఏడు న్యూయార్క్ బ్యాండ్ లెఫ్ట్ బ్యాంక్ 'వాక్ అవే రెనే' అమెరికాలో 5వ స్థానానికి చేరింది. 1967లో గిటార్‌కి మారుపేరైన జిమీ హెండ్రిక్స్ 'బర్నింగ్ ఆఫ్ ద మిడ్‌నైట్ లాంప్'లో స్వయంగా హార్ప్సికార్డ్ వాయించాడు. సైకెడెలిక్ పాటల వాళ్ళకి కలలోంచి వచ్చినట్టుండే శబ్దాలు కావాలి. రెండు వందల ఏళ్ళ నాటి వాయిద్యాన్ని ఎలక్ట్రిక్ గిటార్ పక్కన పెడితే ఆ పని ఇట్టే అయిపోయింది. 1969లో బీటిల్స్ 'బికాజ్'కి మార్టిన్ బాల్డ్‌విన్ కంపెనీ ఎలక్ట్రిక్ హార్ప్సికార్డ్ వాయించాడు. ప్రోగ్రెసివ్ రాక్‌లో వినాలంటే 1972లో వచ్చిన యెస్ బ్యాండ్ 'సైబీరియన్ ఖాత్రు'. అందులో రిక్ వేక్‌మన్ వేళ్ళు పరుగులు తీస్తాయి.

మరి ఎందుకు తగ్గిపోయింది? మోయడం కష్టం. గాలిలో తేమ మారితే చెక్క కదులుతుంది, శ్రుతి పోతుంది. స్టేజి మీద డ్రమ్స్ పక్కన దాని గొంతు వినపడదు. ఈలోగా క్లావినెట్, మెలోట్రాన్, మినీమూగ్ లాంటివి వచ్చేశాయి.

ఈ కథ మనకి కొత్తదేం కాదు. హార్మోనియం కూడా పరాయి గడ్డ నుంచి వచ్చిందే. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ పేటెంట్ తీసుకున్నాడు. అక్కడ కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కేవాళ్ళు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూర్చుని చేత్తో గాలి కొట్టే పెట్టెగా మార్చాడు. స్వరాలు బిగించేసినట్టుంటాయి, గమకం పలకదు, ఇది మన సంగీతానికి పనికిరాదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1970ల దాకా సడలలేదు. రేడియో వద్దన్నా మన పద్యనాటకం వదిలిందా? సురభి వాళ్ళు వదిలారా? హార్మోనిస్టు శ్రుతి అందిస్తేనే కృష్ణుడు పద్యం ఎత్తుకునేది. యూరప్‌లో మూలపడ్డ పెట్టె మన పల్లెల్లో రాత్రంతా మోగింది.

నాకు అర్థమైంది ఇదీ. వాయిద్యం ఎవరి సొత్తూ కాదు, చేతికి అందినవాడు దానితో ఏం చేశాడన్నదే లెక్క. కానీ ఆ చేతులు ఎవరివో చెప్పుకోవడం మాత్రం మరిచిపోతాం. 'ఫర్ యువర్ లవ్' అంటే ఇప్పటికీ అందరూ అలిగి వెళ్ళిన క్లాప్టన్ గురించే మాట్లాడతారు. పాట మొదలవగానే చెవిలో పడేది ఆగర్ వాయించింది. మనం కట్టిన బిల్డింగుల ముందు రాయి మీద మన పేర్లుండవు, అది మనకి తెలిసిన సంగతే. పాటలకైనా ఆ గతి పట్టకూడదని నా కోరిక.

అందుకే ఒక పని చేయండి. మీ ఊరి నాటకాలకి హార్మోనియం వాయించినాయన ఎవరో ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్ళని అడగండి. ఆయన గురించి రెండు ముక్కలు మాకు రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వాళ్ళ ముచ్చట్లే.