ఇంటిపన్నుకు తాళం వేసిన ఊరు

ఏప్రిల్ వచ్చిందంటే మున్సిపల్ ఆఫీసులకు బేరాలు గుర్తొస్తాయి. ఏడాది ఆస్తిపన్ను మొత్తం 30వ తేదీలోగా ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు. హైదరాబాద్‌లో దాని పేరు ‘ఎర్లీ బర్డ్’. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పేరు లేకపోయినా శాతం అదే. బకాయి పడితే మాత్రం నెలకు 2 శాతం వడ్డీ. మున్సిపాలిటీ తీపీ చేదూ ఒకే రసీదు మీద అచ్చేస్తుందన్నమాట.

పన్ను తగ్గించి పేరు తెచ్చుకోవడం మన నేలకు కొత్త కాదు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును మునుపటి రాజులు లాగేసుకునేవారు. కాకతీయ గణపతిదేవుడు అలా చేయననీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. శ్రీకృష్ణదేవరాయలు పెళ్లిసుంకం ఎత్తేశాడు. ఇవేవీ ఇంటిపన్నులు కావు కానీ, పన్ను వదులుకోవడాన్ని రాతి మీద చెక్కించుకోవాలన్న సరదా అప్పటిదే. ఆపైన మూడు శతాబ్దాలకు పైగా దూకేస్తే 1861లో భీమునిపట్నం మున్సిపాలిటీ ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వ చట్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, వాటితోపాటు ఇంటి గుమ్మంలోకి బిల్లు కలెక్టరూ వచ్చాడు.

అసలు కథ మోటుపల్లికి దగ్గర్లోనే ఉన్న చీరాలది.

చీరాల, పేరాల జంట ఊళ్లు. మగ్గం మీద బతికే కుటుంబాలు ఎక్కువ. జనాభా 15 వేల చిల్లర. పంచాయతీ లాంటి ‘యూనియన్‌’గా ఉన్నంతకాలం ఏడాదికి 4 వేల రూపాయల పన్ను వసూలయ్యేది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొద్దికాలానికే ప్రభుత్వం రెండింటినీ కలిపి మున్సిపాలిటీ చేసింది. పన్ను ఏకంగా 40 వేలకు ఎగబాకింది. ఊరివాళ్ల వాదన చాలా సాదాగా ఉంది: మా నీళ్లు మేం తోడుకుంటున్నాం, ఈ హోదా మాకెందుకు? మున్సిపాలిటీ రద్దు చేయమని అర్జీలు పెట్టారు. జస్టిస్ పార్టీ ప్రభుత్వంలో స్థానిక స్వపరిపాలన మంత్రి పానగల్లు రాజా. ఆయనా తెలుగువాడే. ఫలితం మాత్రం లేదు. పన్ను కట్టనివాళ్లకు జైలుశిక్షలు పడ్డాయి. అలా జైలుకెళ్లినవారిలో రావూరి అలమేలమ్మ కూడా ఉన్నారు.

ఈ ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన ఈ ‘ఆంధ్రరత్న’ సూటూ బూటూ వదిలేసి ‘రామదండు’ను తయారుచేశాడు. కాషాయ బట్టలు, మెళ్లో రుద్రాక్షలు వేసుకున్న వాలంటీర్లు వీధుల్లో కవాతు చేస్తుంటే, పన్ను అడగడానికొచ్చిన గుమాస్తా గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించవచ్చు.

బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగించుకుని 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. అహింసగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే వదిలి వెళ్లడం రెండోది అన్నారు. ఊరి పొలిమేర దాటితే మున్సిపాలిటీకి అధికారం ఉండదు కదా! గోపాలకృష్ణయ్య రెండోదే పట్టుకున్నాడు. మండు వేసవిలో దాదాపు 13 వేల మంది ఇళ్లకు తాళాలు వేసి, మూటాముల్లే సర్దుకుని పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దాని పేరు రామనగర్. సొంత పంచాయతీ పెట్టుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చుకుంటూ 11 నెలలు గడిపారు. పట్టణంలో మున్సిపాలిటీ ఉంది, గడపలున్నాయి, పన్ను కట్టే మనిషే లేడు. దీన్ని మించిన రాయితీని ఏ కౌన్సిలూ తీర్మానించలేదు!

గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలుకు పంపారు. నాయకుడు లేడు, చేతిలో డబ్బు లేదు, జనం మెల్లగా ఇళ్లకు మళ్లారు. ఆయన 1928లో, నలభై నిండకుండానే కన్నుమూశాడు. చీరాల ఇవాళ మున్సిపాలిటీయే.

ఆ తర్వాత కథ ఇంత వరసగా నడవదు. ఇంటిపన్ను లెక్కకు ఒకచోట వార్షిక అద్దె విలువ ఆధారం, మరోచోట మూలధన విలువ. ఆంధ్రప్రదేశ్ 2021లో రెండో పద్ధతికి మారినప్పుడు గగ్గోలు పుట్టింది. పెంపు ఏడాదికి 15 శాతం దాటదన్న హామీతో సర్దిచెప్పారు. ఖాళీగా పడి ఉన్న ఇంటికి పన్నులో కొంత మినహాయింపు అడిగే వీలు మున్సిపల్ చట్టంలో ఉంది కానీ, దాని కోసం ఏ బండీ మైకు పెట్టుకుని తిరగదు.

హైదరాబాద్ లెక్క వేరు. ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను ఉన్న ఇళ్లకు 101 రూపాయలు చాలన్న ప్రకటన జీహెచ్‌ఎంసీ ఎన్నికలకు కాస్త ముందే, 2015 చివర్లో వచ్చింది. 2020 దీపావళికి నగరంలో 15 వేల రూపాయల లోపు పన్ను కట్టే ఇళ్లకు సగం తగ్గించారు. మరో రెండు వారాలకు పోలింగ్. పండగ ముందొచ్చిందా, ఓట్లు ముందొచ్చాయా అన్నది పాఠకులకే వదిలేయాలి. పాత బకాయిలు తీర్చేవాళ్లకు వడ్డీలో 90 శాతం మాఫీ పథకమూ అప్పుడప్పుడూ తలుపు తడుతుంది. ఏటా వేళకు కట్టినవాడికి దక్కేది ఆ 5 శాతమే. అదీ ఈ ఏడాది పన్ను మీదే, పాత బాకీకి వర్తించదు.